వికెట్ పడిన సంగతి టీవీ కంటే ముందు వాట్సాప్‌కి ఎలా తెలుస్తుంది? విదేశాల్లో లైవ్ మ్యాచ్ చూసేవాళ్ళ కోసం

అమెరికాకి వచ్చిన కొత్తలో మనవాళ్ళు క్రికెట్ గురించి చెప్పే కంప్లయింట్లు మూడే. మ్యాచ్ లేటుగా వస్తోంది. బాల్ సాఫీగా కాకుండా కుదుపుకుంటూ వెళ్తోంది. ఇండియాలో డబ్బులు కట్టిన యాప్ ఇక్కడ ఓపెన్ అవ్వట్లేదు. ఈ మూడూ చెప్పాక అందరూ వేసే చివరి డైలాగ్ కూడా ఒకటే: "ఏం చేస్తాం, అంత దూరం నుంచి రావాలి కదా!"

నేను ఉండేది డల్లాస్ పక్కన. పగలు ఆఫీసులో బ్యాకెండ్ సర్వీసులు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, తెల్లవారుజామున క్రికెట్ చూసేవాణ్ణి. ఈ మూడు కంప్లయింట్లూ నావే కాబట్టి ఒక్కోదాని వెనక ఏం జరుగుతోందో కూర్చుని తవ్వాను. దొరికిన జవాబు నాకే వింతగా అనిపించింది. మూడింట్లో దేనికీ దూరం పెద్ద కారణం కాదు. ఒకటి బఫర్ గొడవ, ఇంకోటి కరెంటు గొడవ, మూడోది కాగితాల గొడవ. వాటిలో రెండింటికి మన చేతిలో కొంత మందు ఉంది. అందుకే ఈ ఆర్టికల్.

దూరం లెక్క తేల్చేద్దాం

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి గాల్లో గీత గీస్తే సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే 0.07 సెకను. సముద్రం అడుగున కేబుల్ తిన్నగా రాదు, చుట్టు తిరిగి వస్తుంది, మధ్యలో రౌటర్లు ఉంటాయి. అవన్నీ కలిపి రెండింతలు వేసుకున్నా 0.15 సెకను దాటదు. పోనీ శాటిలైట్ మీదుగా వచ్చిందనుకుందాం. జియోస్టేషనరీ శాటిలైట్ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. సిగ్నల్ పైకి పోయి కిందకి రావడానికి పావు సెకను.

అందుకే ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మాట దాదాపు వెంటనే వినిపిస్తుంది. మాట అంత త్వరగా వస్తున్నప్పుడు బొమ్మ మాత్రం అర నిమిషం ఎందుకు ఆగుతోంది?

2025 ఆగస్టు 4, సోమవారం. లండన్ ఓవల్‌లో ఐదో టెస్టు, ఐదో రోజు. ఇంగ్లండ్‌కి 35 పరుగులు కావాలి, మనకి 4 వికెట్లు. ఆట మొదలయ్యే టైమ్ అక్కడ ఉదయం 11, ఇండియాలో మధ్యాహ్నం మూడున్నర, నాకు తెల్లారి 5. ఖమ్మంలో నాన్న డీటీహెచ్‌లో చూస్తున్నారు, ఇక్కడ నేను యాప్‌లో చూస్తున్నాను, ఫోన్ స్పీకర్‌లో ఇద్దరం లైన్లో ఉన్నాం. చివరికి 6 పరుగులతో గెలిచాం కదా, మన హైదరాబాదీ సిరాజ్ యార్కర్‌కి అట్కిన్సన్ బౌల్డ్ అయ్యాడు కదా, ఆ బాల్ నాకు కనిపించలేదు, వినిపించింది. నా టీవీలో సిరాజ్ ఇంకా రనప్ మార్క్ దగ్గరికి నడుస్తున్నాడు. ఫోన్లో నాన్న "పడగొట్టేశాడ్రా! అయిపోయింది!" అని అరుస్తున్నారు. "చెప్పొద్దు నాన్నా" అనేలోపే అయిపోయింది. ఆ తర్వాత నేను చూసింది రిపీట్ టెలికాస్ట్ కింద లెక్క.

మ్యాచ్ ఇద్దరికీ ఒకే ఊరి నుంచి వస్తోంది. పైగా లండన్‌కి డల్లాస్ దూరమూ, ఖమ్మం దూరమూ దాదాపు ఒకటే. అయినా నాన్న ముందు, నేను వెనక.

లేట్ ఎక్కడ పుడుతుంది?

గ్రౌండ్ బయట ఒక ఓబీ వ్యాన్ ఉంటుంది. కెమెరాలన్నీ అందులోకి వస్తాయి, డైరెక్టర్ షాట్లు కట్ చేస్తాడు, స్కోర్ గ్రాఫిక్స్ ఎక్కుతాయి. అలా తయారైన దాన్ని వరల్డ్ ఫీడ్ అంటారు. అన్ని దేశాల చానెళ్ళకీ వెళ్ళేది దాదాపు అదే. ఇక్కడి వరకు ఒకటి రెండు సెకన్ల పని.

డీటీహెచ్‌లో అయితే ఆ ఫీడ్ చానెల్ స్టూడియోకి వచ్చి, కామెంటరీ, యాడ్లు తగిలించుకుని, శాటిలైట్ ఎక్కి, మన డిష్‌లో దిగుతుంది. ఒకే ప్రవాహం. ఒక్కసారి పంపితే కోటి మంది డిష్‌లు ఒకేసారి పట్టుకుంటాయి. మొత్తం కలిపి కొన్ని సెకన్ల ఆలస్యం.

యాప్‌ల కథ వేరు. ఎక్కువ యాప్‌లు వాడే పద్ధతుల్లో ఒకటి యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్. దీంట్లో లైవ్ వీడియోని ప్రవాహంలా పంపరు. ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని మామూలు ఫైల్‌లా సర్వర్లో పెడతారు. ముక్క సైజ్ 6 సెకన్లు అనుకోండి. ఆ 6 సెకన్ల ఆట పూర్తిగా జరిగిపోతే గానీ ముక్క తయారవ్వదు. అంటే బౌలర్ రనప్ మొదలుపెట్టి, బాల్ వేసి, బ్యాట్స్‌మన్ కొట్టేదాకా మీ ఫైల్ ఇంకా పుట్టనే లేదు.

తర్వాత ప్లేయర్. నెట్ ఒక్క క్షణం తడబడినా బొమ్మ ఆగిపోకూడదని అది ముందు జాగ్రత్తగా కొన్ని ముక్కలు దాచుకుంటుంది. హెచ్‌ఎల్‌ఎస్ స్టాండర్డ్‌లోనే ఉంది: లైవ్ చివరి నుంచి కనీసం మూడు ముక్కల వెనక నుంచి ప్లే మొదలుపెట్టమని. మూడు ఆర్లు పద్దెనిమిది. ఎన్‌కోడర్ ఒకే వీడియోని నాలుగైదు క్వాలిటీల్లో తయారుచేయడానికి కొన్ని సెకన్లు. డీఆర్‌ఎమ్ తాళం వేయడానికి, యాడ్ అతికించడానికి ఇంకొన్ని. సీడీఎన్ సర్వర్లకి చేరడానికి ఇంకొంచెం. 30 నుంచి 45 సెకన్లు ఇలా పోగవుతాయి. మీరు గచ్చిబౌలిలో కూర్చుని యాప్‌లో చూసినా లెక్క ఇంతే. పక్కింట్లో డిష్ ఉంటే వాళ్ళ అరుపు ముందు వినిపిస్తుంది. ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇది అనుభవమే.

ముక్కలు చిన్నవి చేస్తే సరిపోదా? సరిపోతుంది. యాపిల్ 2019లో లో లేటెన్సీ హెచ్‌ఎల్‌ఎస్ ప్రకటించింది. ముక్క పూర్తవ్వకముందే దాని తునకలు పంపేయడం అందులో కిటుకు. బాగా సెట్ చేస్తే ఆలస్యం కొద్ది సెకన్లకి దిగుతుంది. మరి అందరూ ఎందుకు వాడరు? ఇక్కడ బ్యాకెండ్ వాడిగా నాకు సర్వీసుల మీద కొంచెం జాలి ఉంది. 2023 వన్డే వరల్డ్ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. ఒక్కొక్కరి ప్లేయర్ 4 సెకన్లకి ఒక ముక్క అడిగిందనుకుంటే, సెకనుకి దాదాపు కోటిన్నర రిక్వెస్టులు. ముక్కని 2 సెకన్లు చేయండి, మూడు కోట్లు. పైగా బఫర్ తగ్గించారంటే అపార్ట్‌మెంట్ వైఫైలో చూసేవాడికి చక్రం తిరుగుతుంది. లేట్‌గా వస్తే తిట్టేవాళ్ళు కొందరే, చక్రం తిరిగితే అందరూ తిడతారు. కంపెనీలు ఏది ఎంచుకుంటాయో మీకే తెలుసు.

మన వైపు నుంచి చేయగలిగింది

ముందు గ్యాప్ ఎంతో కొలవండి. ఇంట్లో వాళ్ళకి ఫోన్ చేసి, బౌలర్ చేతి నుంచి బాల్ వదిలిన క్షణం "ఇదిగో" అనమనండి. మీరు స్టాప్‌వాచ్ నొక్కి, అదే బాల్ మీ స్క్రీన్ మీద పడేదాకా ఆగండి. ఫోన్ కాల్ ఆలస్యం పావు సెకను లోపే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. రెండు ఓవర్లలో రెండుసార్లు కొలిస్తే చాలు. మా ఇంట్లో ఒకసారి 38 సెకన్లు వచ్చింది. యాప్ మూసి తెరిస్తే 31కి దిగింది. ఎందుకంటే మధ్యలో నెట్ తడబడిన ప్రతిసారీ ప్లేయర్ ఇంకొంచెం వెనకపడుతుంది, వెనకపడింది వెనకపడినట్టే ఉంటుంది. చాలా యాప్‌లు మళ్ళీ ముందుకి పరిగెత్తవు. "లైవ్" బటన్ ఉంటే నొక్కండి, లేకపోతే మూసి తెరవండి.

టీవీ బాక్స్‌కి ఈథర్నెట్ కేబుల్ పెట్టండి. దీనివల్ల లేట్ నేరుగా తగ్గదు, కానీ తడబాట్లు తగ్గి, మ్యాచ్ మొదట్లో ఉన్న గ్యాప్ చివరి ఓవర్‌కీ అంతే ఉంటుంది. అలాగే అదే చానెల్ కేబుల్ ప్యాక్‌లోనూ దొరుకుతుంటే, యాప్ కంటే కేబుల్ సాధారణంగా ముందుంటుంది.

ఎంత చేసినా డీటీహెచ్‌ని యాప్ అందుకోలేదు. కలిసి చూడాలంటే ముందున్నవాళ్ళే ఆగాలి. మా నాన్న ఇప్పుడు పెద్ద మ్యాచ్‌లు నాతో చూసే రోజు టీవీ పక్కనపెట్టి తన ఫోన్ యాప్‌లో చూస్తున్నారు. ఇద్దరం యాప్‌లోనే ఉంటే తేడా పది సెకన్ల లోపు ఉంటోంది. ముందున్నవాళ్ళు అన్ని సెకన్లు పాజ్ చేసి వదిలితే సరి. రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్స్ అయితే డీటీహెచ్‌ని కూడా పాజ్ చేయొచ్చు. వినడానికి చిన్న పనే. కానీ 60 ఏళ్ళ మనిషికి "నాన్నా, పాజ్ నొక్కి ఏడు లెక్కపెట్టి వదులు" అని ఫోన్లో నేర్పడం రెండు ఓవర్ల ప్రాజెక్ట్.

ఇక వాట్సాప్ గ్రూప్ మ్యూట్ చేయడం, ఫోన్లో లైవ్ స్కోర్ నోటిఫికేషన్లు ఆపడం. వాటి గురించి చెప్పక్కర్లేదు. స్మార్ట్‌వాచ్‌ని మాత్రం మర్చిపోకండి, అది చేతి మీద కొట్టి మరీ చెబుతుంది.

బాల్ ఎందుకు కుదుపుతుంది?

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. ఎందుకంటే ఈ సమస్య ఉందనే చాలామందికి తెలియదు. "నెట్ స్లో" అనుకుని ఇంటర్నెట్ ప్లాన్ పెంచుకుంటారు. బొమ్మ అలాగే ఉంటుంది.

టీవీ పుట్టిన రోజుల్లో సెకనుకి ఎన్ని బొమ్మలు చూపించాలన్నది ఆ దేశపు కరెంటుని బట్టి తేల్చారు. కరెంటు తరచుదనానికీ బొమ్మకీ పొంతన లేకపోతే స్క్రీన్ మీద చారలు కదిలేవి. స్టూడియో లైట్ల మినుకు కూడా కెమెరాకి దొరికిపోయేది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. ఇండియా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ అన్నీ 50 హెర్ట్జ్. ట్యూబ్ టీవీలు పోయాయి, ఆ చారలూ పోయాయి, కానీ అంకెలు మాత్రం అలాగే ఉండిపోయాయి. గమనించారా, క్రికెట్ గట్టిగా ఆడే దేశాలు దాదాపు అన్నీ 50 వైపే ఉన్నాయి. అంటే మనం చూసే మ్యాచ్‌లన్నీ సెకనుకి 50 బొమ్మల లెక్కన తయారవుతాయి. అమెరికాలో మనం కొనే టీవీ, స్ట్రీమింగ్ స్టిక్ మాత్రం బాక్స్‌లోంచి తీయగానే 60లో సెట్ అయి ఉంటాయి.

50ని 60లో ఎలా ఇరికించాలి? ప్రతి అయిదో బొమ్మని రెండుసార్లు చూపించాలి. సెకనుకి పది సార్లు బొమ్మ ఒక్క క్షణం ఆగి కదులుతుంది. సీరియల్ చూస్తే తెలియదు. క్రికెట్లో తెలుస్తుంది. లాఫ్టెడ్ షాట్ కొట్టినప్పుడు కెమెరా బాల్ వెంట బౌండరీ వైపు తిరుగుతుంది చూడండి, అప్పుడు బౌండరీ తాడు మీద ఉన్న యాడ్ బోర్డుల అక్షరాలు చూడండి. అవి జారినట్టు సాఫీగా పోతే బాగున్నట్టు. గతుకుల రోడ్డు మీద ఆటోలోంచి చూసినట్టు ఉంటే మీ సెట్టింగ్ తప్పు.

కొన్ని సర్వీసులు ఇంకో పని చేస్తాయి. బ్యాండ్‌విడ్త్ కలిసొస్తుందని సెకనుకి 25 లేదా 30 బొమ్మలకి తగ్గించి పంపుతాయి. గంటకి 140 కిలోమీటర్ల బాల్ సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది. 50 బొమ్మల ఫీడ్‌లో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య బాల్ 78 సెంటీమీటర్లు జరుగుతుంది. 25 బొమ్మల ఫీడ్‌లో మీటరున్నర పైనే. బౌలర్ చేతి నుంచి బ్యాట్ దాకా సుమారు అర సెకను ప్రయాణం కాబట్టి మొదటి దాంట్లో మీకు పాతిక బొమ్మలు దొరుకుతాయి, రెండో దాంట్లో పన్నెండో పదమూడో. స్వింగ్ ఎక్కడ మొదలైందో, సీమ్ మీద పడి ఎటు తిరిగిందో కనబడాలంటే ఆ పాతిక కావాలి. 4కే అనే స్టిక్కర్ కంటే ఇది ముఖ్యం. సెకనుకి 50 బొమ్మల 720పీ ఫీడ్‌నీ, 25 బొమ్మల 4కే ఫీడ్‌నీ పక్కపక్కన పెడితే క్రికెట్‌కి నేను మొదటిదే తీసుకుంటాను.

సెట్టింగ్ ఎక్కడుందో చెబుతాను. యాపిల్ టీవీ 4కేలో సెట్టింగ్స్, వీడియో అండ్ ఆడియో, మ్యాచ్ కంటెంట్, అక్కడ మ్యాచ్ ఫ్రేమ్ రేట్ ఆన్ చేయాలి. ఫైర్ టీవీలో డిస్‌ప్లే అండ్ సౌండ్స్, డిస్‌ప్లే, మ్యాచ్ ఒరిజినల్ ఫ్రేమ్ రేట్. ఇవి పనిచేయాలంటే యాప్ కూడా సహకరించాలి. యాప్ పట్టించుకోకపోతే యాపిల్ టీవీలో ఫార్మాట్ లిస్టులోకి వెళ్ళి చేత్తో 50 హెర్ట్జ్ పెట్టుకోవచ్చు. మ్యాచ్ అయ్యాక మళ్ళీ 60కి మార్చడం మర్చిపోతే మీ రూమ్మేట్ ఎన్‌బీఏ కుదుపుతుంది, ఎందుకంటే అది అమెరికా లెక్కలో 60. సెట్ చేశాక టీవీ ఒక సెకను నల్లబడి తిరిగి వస్తుంది, భయపడకండి. మీ టీవీ హెచ్‌డీఎంఐలో 50 హెర్ట్జ్ తీసుకుంటుందో లేదో కూడా చూసుకోండి. ఇప్పటి టీవీలు ఎక్కువగా తీసుకుంటాయి, అమెరికా మార్కెట్ కోసమే చేసిన కొన్ని పాత, చవక మోడళ్ళు తీసుకోవు.

సర్వీస్ తన దగ్గరే 50ని 60గానో 30గానో మార్చి పంపేస్తుంటే మన దగ్గర ఏ సెట్టింగూ పనిచేయదు. అందుకే నేను ఏ ప్యాక్ అయినా ముందు ఒక నెలకే తీసుకుని, మొదటి రోజే ఆ యాడ్ బోర్డుల టెస్ట్ చేస్తాను.

ఫోన్లో చూసేవాళ్ళకి ఒక మాట. 120 హెర్ట్జ్ స్క్రీన్ ఉన్న ఫోన్ ఇక్కడ నిజంగా పనికొస్తుంది. 50తో 120 కూడా సమంగా భాగించబడదు, కానీ ఒక్కో బొమ్మ రెండు లేదా మూడు రిఫ్రెష్‌లు ఉంటుంది కాబట్టి తేడా 60 హెర్ట్జ్ స్క్రీన్ మీద ఉన్న దాంట్లో సగమే. గేమింగ్ కోసం అని అమ్మే ఫీచర్ క్రికెట్‌కి కలిసి రావడం మన అదృష్టం.

కాగితాల గొడవ

ఇండియా యాప్ ఇక్కడ ఎందుకు ఓపెన్ అవ్వదు? ఎవరో ఒకరు అమెరికా హక్కులు విడిగా కొన్నారు కాబట్టి. 2022 జూన్‌లో బీసీసీఐ 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ హక్కులు వేలం వేసింది. మొత్తం 48,390 కోట్ల రూపాయలు. అందులో భారత ఉపఖండం టీవీ హక్కులు 23,575 కోట్లకి డిస్నీ స్టార్, డిజిటల్ హక్కులు 20,500 కోట్లకి వయాకామ్18 తీసుకున్నాయి. అమెరికా హక్కులు టైమ్స్ ఇంటర్నెట్‌కి వెళ్ళాయి. ఇక్కడ మనం చూసే విల్లో వాళ్ళదే. 20 వేల కోట్లు పెట్టినవాడికి కూడా డల్లాస్‌లో ఒక్క బాల్ చూపించే హక్కు లేదు. మీ ఇండియా సబ్‌స్క్రిప్షన్‌ని యాప్ ఆపేస్తున్నదంటే కారణం ఆ సంతకమే.

ఒక్కో టోర్నీకి సంతకం ఒక్కొక్కరిది. అమెరికాలో 2023 వన్డే వరల్డ్ కప్ ఈఎస్‌పీఎన్ ప్లస్‌లో వచ్చింది, 2024 టీ20 వరల్డ్ కప్ విల్లోలో వచ్చింది. పోయినసారి ఎక్కడ చూశామో ఈసారి అక్కడే ఉంటుందనుకుని ఏడాది ప్యాక్ కొనకండి.

ఈ కాగితాలు ఒక్కోసారి మన వైపు కూడా పనిచేస్తాయి. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటలకి మొదలయ్యే ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు అక్కడి టీవీలో లైవ్ రావు. జనం స్టేడియాలకి రావడం మానేస్తారని ఎప్పటినుంచో ఉన్న నిషేధం. అమెరికాలో ఎన్‌బీసీ మాత్రం సీజన్‌లో 380 మ్యాచ్‌లూ చూపిస్తుంది. మాంచెస్టర్‌లో ఎంఎస్సీ చేస్తున్న నా ఫ్రెండ్ హాస్టల్ నుంచి స్టేడియం కనిపిస్తుంది. అందులో జరిగే మ్యాచ్ వాడి టీవీలో రాదు. నాకు ఉదయం 9కి కాఫీ తాగుతూ వస్తుంది.

మీరు ఏ దేశంలో ఉన్నారో యాప్ ఎలా కనిపెడుతుందంటే, ముందు ఐపీ అడ్రస్ చూస్తుంది. ఆపైన ఫోన్ లొకేషన్, యాప్ స్టోర్ దేశం, కార్డు ఏ దేశానిది అన్నవి ఒక్కో యాప్ ఒక్కో రకంగా చూస్తాయి. పోయిన వేసవిలో అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు తమాషా జరిగింది. ఆమె ఫోన్లో ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంది. మొబైల్ డేటాలో ఇండియా యాప్ చక్కగా నడిచింది, ఇంటి వైఫై కలపగానే "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అంది. కారణం సింపుల్. రోమింగ్‌లో ఉన్న సిమ్ డేటా సాధారణంగా సొంత ఆపరేటర్ నెట్‌వర్క్‌కి వెళ్ళి, అక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వస్తుంది. ఐపీ ఇండియాదే. మనిషి టెక్సాస్‌లో ఉన్నా ఫోన్ ఇంకా ఊళ్ళోనే ఉన్నట్టు. అయితే 1080పీ స్ట్రీమ్ 8 ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి 3.6 జీబీ, నాలుగు గంటల టీ20కి 14 జీబీ పైన. ఏ రోమింగ్ ప్యాక్ తట్టుకుంటుంది? అమ్మ ఫోన్లో పవర్ ప్లే దాకా చూసి ఆపేశాం.

వీపీఎన్ గురించి అడుగుతారని తెలుసు. చాలా యాప్‌ల నిబంధనలకి అది విరుద్ధం, అకౌంట్ ఆపేసే హక్కు వాళ్ళకి ఉంటుంది. అది పక్కన పెట్టినా, వీపీఎన్ సర్వర్లు ఉండే డేటా సెంటర్ల ఐపీలు స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర లిస్టులుగా ఉంటాయి. పెద్ద మ్యాచ్ రోజు అందరూ అదే ఇండియా సర్వర్ మీద పడతారు. ఫ్రీ వీపీఎన్ అయితే అసలొద్దు. నాలుగు గంటల పాటు మీ ట్రాఫిక్ మొత్తం ఎవరి చేతిలో పెడుతున్నారో తెలియదు.

దాని కంటే నాకు భయం వేసేది ఇంకోటి. ఇండియన్ స్టోర్ల కౌంటర్ల దగ్గర, ఫేస్‌బుక్ గ్రూపుల్లో "ఒక్కసారి కడితే లైఫ్‌టైమ్, అన్ని తెలుగు చానెళ్ళు, అన్ని మ్యాచ్‌లు" అని అమ్మే ఆండ్రాయిడ్ బాక్స్. హక్కులు లేని ప్రసారం అన్నది ఒక సంగతి. గ్యాడ్జెట్ మనిషిగా నా బాధ అందులో నడిచే సాఫ్ట్‌వేర్ గురించి. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ బ్యాడ్‌బాక్స్ 2.0 అనే బాట్‌నెట్ గురించి జనాన్ని హెచ్చరించింది. ఇలాంటి చవక టీవీ బాక్సుల్లో కొన్నిట్లో మాల్‌వేర్ ఫ్యాక్టరీ నుంచే వస్తోంది, మిగతావి సెటప్ సమయంలో యాప్‌లతో పాటు తెచ్చుకుంటున్నాయి. మీ ఇంటి ఇంటర్నెట్‌ని నేరగాళ్ళు అడ్డదారిగా వాడుకుంటారు. మరుసటి నెల గూగుల్ ఈ బాట్‌నెట్ మీద కోర్టుకెళ్ళింది, కోటికి పైగా డివైజ్‌లు దీని బారిన పడ్డాయని చెప్పింది. వీసా మీద ఉండేవాళ్ళం. మన ఐపీ నుంచి ఎవడో చేసిన నేరానికి జవాబు చెప్పుకునే పరిస్థితి నెలకి పది డాలర్ల ఆదా కోసం ఎందుకు? బాక్స్ కొనే ముందు ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. లేకపోతే కౌంటర్ మీదే వదిలేయండి.

టైమ్ మాత్రం ఎవరూ మార్చలేరు

దూరం వల్ల నిజంగా వచ్చే కష్టం ఇదొక్కటే, గడియారం. దానికి కూడా సగం కారణం ఇండియా మార్కెట్టే. 2024లో టీ20 వరల్డ్ కప్ అమెరికా, వెస్టిండీస్‌లో జరిగింది. జూన్ 9న న్యూయార్క్ దగ్గర ఇండియా పాకిస్థాన్ మ్యాచ్ అక్కడి టైమ్ ఉదయం పదిన్నరకి పెట్టారు. ఆదివారం సాయంత్రం ఫ్లడ్ లైట్లలో కాదు, పొద్దున్నే. ఇండియాలో రాత్రి 8 అవుతుంది కాబట్టి. క్రికెట్ మా ఊరికి వచ్చింది గానీ గడియారం మీ దగ్గరే వదిలేసి వచ్చింది!

ఐపీఎల్ రాత్రి ఏడున్నర మ్యాచ్ మాకు సెంట్రల్ టైమ్‌లో ఉదయం 9, సరిగ్గా స్టాండప్ మీటింగ్ టైమ్. వేసవి టైమ్ మార్పుని కూడా గుర్తుపెట్టుకోండి. 2025 మార్చి 9న చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ రోజే ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి. ముందు రోజు లెక్క ప్రకారం 3కి మొదలవ్వాల్సిన మ్యాచ్ 4కి మొదలైంది. ఫోన్ క్యాలెండర్‌లో మ్యాచ్‌ని ఇండియా టైమ్ జోన్‌తోనే సేవ్ చేస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చేవాళ్ళు సూట్‌కేస్‌లో ఇండియా స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటున్నారా అని చాలామంది జూనియర్లు అడుగుతుంటారు. అక్కర్లేదు. దానికి ఇక్కడి ఐపీయే వస్తుంది, పైగా అది ఇండియా అకౌంట్ రీజియన్‌లో ఉంటే ఇక్కడి యాప్‌లు దొరకవు. పది మీటర్ల ఈథర్నెట్ కేబుల్ మాత్రం పెట్టుకోండి, ఊళ్ళో సగం ధరకే వస్తుంది. టీవీ కొనేటప్పుడు నలుగురు రూమ్మేట్లూ డబ్బులు వేసుకుంటారు కాబట్టి, పేజీలో పెద్దక్షరాల్లో ఉండే 4కే, హెచ్‌డీఆర్ చూసి ఆగిపోకుండా, యూజర్ మాన్యువల్ పీడీఎఫ్ దించి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పట్టికలో 1080పీ ఎదురుగా 50 హెర్ట్జ్ అని ఉందో లేదో వెతకండి. స్టోర్లో సేల్స్‌మన్‌ని అడిగితే మనవైపు వింతగా చూస్తాడు, వాళ్ళకి ఆ అంకెతో ఎప్పుడూ పని పడి ఉండదు.